ఆగిపోయిన నీ గోల్కొండ ముట్టడి గురించి

ప్రియమైన మిత్రమా,

గోల్కొండ ముట్టడి గేమును ఇక ఆపేస్తున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఒక్కడివే కూర్చుని రియల్‌టైమ్ స్ట్రాటజీ గేము, అంటే వంతులు లేకుండా ఇద్దరూ ఒకేసారి సైన్యాలను నడిపే వ్యూహాల ఆట, తయారుచేయడం ఎంత శ్రమో నాకు తెలుసు కనుక, ఆపడాన్ని నేను తప్పుపట్టను. కానీ నువ్వు చెప్పిన కారణాన్ని మాత్రం ఒప్పుకోలేను. ముట్టడి అంటేనే ఎదురుచూపు, అందులో ఆడేవాడికి చేయడానికేమీ ఉండదు అని రాశావు. నువ్వు ఎంచుకున్న ముట్టడే ఆ మాట తప్పని చెబుతోంది.

1687లో ఔరంగజేబు కోటను చుట్టుముట్టి దాదాపు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఆ ఎనిమిది నెలల్లో ఎవరు ఖాళీగా ఉన్నారు చెప్పు? మొగలులు బురుజుల కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు కూరారు. లోపలివాళ్లు ఆ సంగతి పసిగట్టి, తమ వైపు నుంచి ఎదురు తవ్వి, దొరికినంత మందు తోడేసి, తక్కినచోట నీళ్లు పోసి తడిపేశారు. తీరా నిప్పంటించేసరికి, తడవకుండా మిగిలిన మందు మొగలుల వైపే ఉండటంతో, పేలుడు వెనక్కి తన్ని సొంత సైనికులనే పొట్టన పెట్టుకుంది. పైగా చుట్టూ కరువు, ఆ తర్వాత ఆగని వానలు, వాగుల పొంగు, శిబిరంలో రోగాలు. లోపల గోల్కొండ సుల్తాను తానీషాకు ఆకలి బాధ రాకముందే బయట చక్రవర్తి సైన్యానికి వచ్చింది. ముట్టడి వేసినవాడే ముట్టడిలో చిక్కుకున్నట్లయిన ఈ స్థితిని ఏ గేమూ నాకు చూపించలేదు. నీ గేము చూపించేదని నా గట్టి నమ్మకం.

నువ్వు పంపిన పాత వెర్షన్‌లో నాకు బాగా నచ్చినది ఫిరంగులు కావు, సొరంగాలే. నేల కింద శత్రువు ఎంత దూరం వచ్చాడో కనబడదు. పలుగు చప్పుడు వినబడినచోట మనమే అంచనా కట్టి ఎదురు తవ్వాలి. తొందరపడి తవ్వితే మన బురుజు పునాదే బలహీనపడుతుంది, ఆలస్యం చేస్తే బురుజే లేచిపోతుంది. ఆ భయంలో ఉన్నంత ఉత్కంఠ నాకు వంద ఏనుగుల దాడిలో కలగలేదు. దీన్ని పట్టుకుని ఆడేవాడికి పని లేదని ఎలా అన్నావో అర్థం కాలేదు.

మనిద్దరికీ ఇష్టమైన స్ట్రాంగ్‌హోల్డ్‌ను ఒకసారి గుర్తుచేసుకో. 2001లో ఫైర్‌ఫ్లై స్టూడియోస్ తెచ్చిన ఆ గేములో గోడ ఎంత ముఖ్యమో ధాన్యాగారం అంతకన్నా ముఖ్యం. మాంసం, జున్ను, ఆపిల్, రొట్టె అని నాలుగు రకాల తిండి. రొట్టె కావాలంటే గోధుమ పండాలి, మర ఆడాలి, రొట్టెల పొయ్యి వెలగాలి. రేషన్ పెంచితే జనం సంతోషిస్తారు, తగ్గిస్తే ఆదరణ పడిపోయి ఒక్కొక్కరే కోట వదిలి వెళ్లిపోతారు. శత్రువు పొలాలను తగలబెట్టిన మరుక్షణం మన కన్ను గోడ మీది విలుకాళ్ల నుంచి గాదె వైపు తిరుగుతుంది. ఎదురుచూపును ఆటగా మార్చడమంటే అదే. నీ తానీషాకు ఉన్నది సరిగ్గా అలాంటి గాదెలే కదా!

సాంకేతికంగా నువ్వు పడ్డ ఇబ్బంది మాత్రం నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మైదానంలో యుద్ధమైతే ప్రతి యూనిట్‌కూ, అంటే మనం నడిపే ఒక్కో సైనికుడికీ యంత్రానికీ, దారి వెతకడం సులువు. గోడ ఉన్నచోట మాత్రం, చుట్టూ తిరిగి వెళ్లాలా, తలుపు తెరుచుకునేదాకా ఆగాలా, గోడనే పగలగొట్టాలా అని కంప్యూటరు నిర్ణయించుకోవాలి. ఒక్క బురుజు కూలగానే అందరి దారులూ మళ్లీ లెక్కకట్టాలి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లాంటి గొప్ప గేములో కూడా, ట్రెబుషే అనే పెద్ద రాళ్ల యంత్రాన్ని విప్పి నిలబెట్టి రాళ్లు విసరడంలో ఎంతో ఆనందం ఉన్నా, గోడ సందుల్లో సైనికులు ఇరుక్కుపోయి మనల్ని విసిగించిన సందర్భాలు ఉన్నాయి. నువ్వేమో గోల్కొండకున్న 87 బురుజులనూ ఒకే మ్యాపులో పెట్టాలని పంతం పట్టావు. అక్కడే గేము నెమ్మదించింది, నీ ఉత్సాహమూ నెమ్మదించింది.

పెద్ద కంపెనీలు తలపెట్టినవీ మధ్యలో ఆగిపోతాయని నీకు గుర్తుచేయాలనిపించింది. కమాండ్ అండ్ కాంకర్ జనరల్స్ 2 అనే యుద్ధ వ్యూహాల గేమును 2011 చివర్లో ప్రకటించారు, మరుసటి ఏడాది దాన్ని ఉచితంగా ఆడే గేముగా మార్చారు, 2013 అక్టోబరులో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) సంస్థ దాన్ని రద్దుచేసి, తయారుచేస్తున్న స్టూడియోనే మూసేసింది. అప్పటికే కొందరు పరీక్షగా ఆడుతున్నారు కూడా. అలా రద్దయినప్పుడు బొమ్మలు పోయినందుకు నాకు అంత దిగులు ఉండదు. ఏ యూనిట్‌కు ఎంత బలం, ఎంత ఖర్చు, ఎంత సమయం అని నెలల తరబడి ఆడి ఆడి సరిచూసుకున్న ఆ తూకం ఎవరికీ దక్కకుండా పోతుందే, అది బాధిస్తుంది. నీ సొరంగాల తూకం కూడా అలా పోకూడదు.

కాబట్టి కోట మొత్తాన్ని వదిలేయ్. ఫతే దర్వాజా, దానికి అటూ ఇటూ మూడు నాలుగు బురుజులు, లోపల గాదె, బయట తడిసి ముద్దయిన శిబిరం, ఇవి చాలు. చివరికి కోట గోడ కూలి పడలేదు, తానీషా సర్దారు అబ్దుల్లా ఖాన్ పనీ లంచానికి లొంగి తలుపు తీస్తే పడింది. దాన్ని చివర్లో వచ్చే వీడియోగా చూపించకు. ప్రతి సర్దారుకూ ఒక విశ్వాసం విలువ పెట్టి, జీతం ఆలస్యమైనా, రేషన్ తగ్గినా అది తగ్గేలా చేయి. బయటి నుంచి ఔరంగజేబు పంపే డబ్బు దాన్ని ఇంకాస్త లాగాలి. గాదె, సొరంగం, తలుపు మూడింటినీ ఒకేసారి కాచుకోవలసివచ్చినప్పుడు, చేయడానికి పని లేదనే మాట ఎవరి నోటా రాదు.

ఆ ఫోల్డరును దయచేసి తుడిచేయకు. సొరంగాల భాగం ఉన్న ఫైళ్లను విడిగా నాకు పంపు. చప్పుడు ఎంత దూరం వరకు వినబడాలనే లెక్క నాకింకా పూర్తిగా నచ్చలేదు. వాన పడుతున్నప్పుడు అది సగానికి తగ్గాలని నా అభిప్రాయం. నేను అంకెలు మార్చి ఆడి చూసి, ఏది బాగుందో వివరంగా రాస్తాను.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ స్నేహితుడు