ఒరేయ్ రమణా, ముందు అద్దెకి దిగు

విజయనగరం,
సంక్రాంతి వెళ్ళిన వారం

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో వైజాగ్‌లో ఉద్యోగం వచ్చిందని నువ్వు చెప్పింది విన్న దగ్గర్నుంచి నాకు అదే ఆలోచన. ఫోన్లో మాట్లాడుకుంటే మాట సగంలో ఉండగానే నీకు మీటింగు వస్తుంది, నాకు రైలు వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు. చదివాక చెల్లెమ్మకి కూడా ఇయ్యి, ఇందులో సగం తనకి సంబంధించినదే.

అసలు మాట ముందే చెప్పేస్తాను. వైజాగ్ వెళ్ళు, ఈ ఉద్యోగం వదులుకోకు. కానీ నరసన్నపేట దగ్గర బాబాయి వదిలి వెళ్ళిన ఎకరం అమ్మేసి భోగాపురం దారిలో స్థలం కొంటానన్నావు చూడు, ఆ పని మాత్రం ఇప్పుడు చెయ్యకు. ఆఫీసుకి దగ్గర్లో అద్దెకి దిగండి. ఒక వేసవి, ఒక వానాకాలం అక్కడ గడిచాక కొనాలా వద్దా, కొంటే ఎక్కడ అన్నది మీకే తెలుస్తుంది.

శ్రీకాకుళంలోనే ఉండి రోజూ వెళ్ళి వస్తానన్న మాట నువ్వే కొట్టిపారేశావు, మంచి పని చేశావు. నూట పది కిలోమీటర్ల దూరం ఎవడు తిరుగుతాడు రోజూ. వారానికోసారి ఇంటికొచ్చే లెక్కన నువ్వొక్కడివే రూములో ఉండటం కూడా కొన్నాళ్ళకైతే పర్వాలేదు కానీ, పాప ఏడో తరగతిలో ఉంది, ఈ రెండు మూడేళ్ళూ తండ్రి ఇంట్లో ఉండాల్సిన వయసు. అదీ ఎక్కువ రోజులు వద్దు.

ఇక మా ఊరి సంగతి. నువ్వు అడగలేదు గానీ, విజయనగరం వచ్చేయండిరా అని చెప్పాలని నాకు మనసు పీకుతోంది. అద్దెలు తక్కువ, కూరగాయలు తాజాగా దొరుకుతాయి, పాపకి పాట మీద ఇష్టం ఉందన్నావు, ఇక్కడ 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్న చోటు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ప్రతి ఏడూ మూడు లాంతర్ల దగ్గర ఇద్దరం కలిసి నిలబడవచ్చు. నా స్వార్థం నేను దాచుకోవడం లేదు. అయినా వద్దంటున్నాను, ఎందుకో చెప్తాను.

నేను రోజూ వైజాగ్ వెళ్ళి వస్తున్నానంటే అది రైలు పుణ్యం. విజయనగరం నుంచి విశాఖకి రైల్లో అరవై ఒక్క కిలోమీటర్లు. నా ఆఫీసు వన్ టౌన్ వైపు కాబట్టి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే పని అయిపోతుంది. సీజన్ టికెట్ చవక. పాసింజర్లో ఏళ్ళ తరబడి కలిసి తిరిగేవాళ్ళం ఒకరి ఇంటి సంగతులు ఒకరికి తెలిసిన మనుషులం అయిపోయాం. కానీ ఆ రైలు ఎటు పోతుందో ఒకసారి చూడు. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి, సింహాచలం. అంటే ఊరికి పడమటి వైపు నుంచి లోపలికి దూరుతుంది. నీ ఆఫీసు రుషికొండ కొండ మీద, సముద్రం వైపు. ఆ వైపు రైలు లేదు. నువ్వు విశాఖ స్టేషన్లో దిగి మళ్ళీ వెనక్కి మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా ఎదురు రావాలి. లేదంటే విజయనగరం నుంచి బస్సులో తగరపువలస, ఆనందపురం మీదుగా మధురవాడ చేరాలి. దారి బాగానే ఉంది, కాదనను, కానీ రాత్రి షిఫ్టు ముగించుకుని ఆ హైవే మీద బస్సు కోసం నిలబడటం ఒక నెల సరదాగా ఉంటుంది, తర్వాత ఉండదు. పైగా 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు, పలాస పాసింజరుని వెనక నుంచి గుద్దిన తర్వాత, మా ఇంట్లో నేను తలుపు తట్టే వరకు ఎవరూ కుదురుగా అన్నం తినేవారు కాదు. రోజూ దూరం తిరిగేవాడి ఇంట్లో ఆ టెన్షన్ ఏదో ఒక మూల ఉంటుంది. నీకు తప్పించుకునే వీలున్నప్పుడు తప్పించుకో.

ఇప్పుడు భోగాపురం. ఆ స్థలం చూపించిన ఏజెంటు నీకు చెప్పినవన్నీ అబద్ధాలని నేననను. అక్కడ విమానాశ్రయం నిజం, రెండు వేల ఎకరాల పైచిలుకులో కడుతున్నారు, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. టీసీఎస్‌కి రుషికొండలో ఇరవై ఒక్క ఎకరాలు 99 పైసలకి ఇచ్చారన్నదీ నిజమే, 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు డేటా సెంటర్‌కి పదిహేను వందల కోట్ల డాలర్లు పెడతామని ఒప్పందం రాసుకున్నదీ నిజమే. ఊరు పెరుగుతోంది, మన కళ్ళ ముందే పెరుగుతోంది, శ్రీకాకుళం కుర్రాళ్ళు హైదరాబాదు, చెన్నై పరిగెత్తకుండా రెండు గంటల దూరంలో పని దొరికితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఊరు పెరగడం వేరు, నువ్వు కొన్న రెండు వందల గజాలు నీ కూతురి పెళ్ళి నాటికి అక్కరకి రావడం వేరు. ఆ విమానాశ్రయం మాట మనం 2015 నుంచి వింటున్నాం. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. అలాంటి కబురు వచ్చినప్పుడల్లా హైవే పక్కన బోర్డులు లేచాయి, గజం రేటు లేచింది. కొని పడేసి పదేళ్ళు మర్చిపోగలిగినవాడికి అది బాగానే ఉంటుంది. నీకున్నది ఆ ఎకరం ఒక్కటే. వంశధార ఎడమ కాలువ కింద నీళ్ళు పారే భూమి, ఏటా బియ్యం ఇంటికొస్తోంది, కౌలు వస్తోంది. దాన్ని అమ్మి ఎండిన లేఅవుట్లో నాలుగు రాళ్ళు పాతుకుని కూర్చుంటే నెలకి ఒక్క రూపాయి రాదు, అద్దె మాత్రం ఎలాగూ కట్టాలి. అక్కడ ఇప్పుడే ఇల్లు కట్టుకుని ఉండగలవా అంటే, ఆఫీసుకి మళ్ళీ దూరం, చెల్లెమ్మకి బడి ఉద్యోగం దొరకడం కష్టం, రాత్రి పూట పిన్నికి ఆయాసం వస్తే ఆటో దొరకదు. మనుషులు ఉండటానికి వచ్చాకే అది ఊరవుతుంది, అప్పటిదాకా నువ్వు ఒంటరిగా కాపలా కాయక్కర్లేదు.

అయినా ఎప్పుడో ఒకప్పుడు కొంటావు కాబట్టి ఇది రాసిపెట్టుకో. బ్రోచర్ మీద రంగులు చూడకు, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ అప్రూవల్ ఉందా, లేఅవుట్‌కి ఇచ్చే ఎల్పీ నంబరు ఎంత, రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే రెరా దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు. ఆ నంబర్లు తీసుకుని నువ్వే స్వయంగా సరిచూసుకో, వాళ్ళు వాట్సాప్‌లో పంపిన ఫొటో నమ్మకు. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం, కనీసం ముప్పై ఏళ్ళది తీయించు. సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉంటే, అంటే రిజిస్ట్రేషన్‌కి నిషేధం ఉన్న భూమి అయితే, ఎంత చవకగా ఇస్తామన్నా దండం పెట్టి వచ్చేయ్. డి-పట్టా భూములు కూడా అంతే. పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన భూముల అమ్మకం మీద 1977 నుంచే చట్టం ఉంది, తర్వాత సడలింపులు వచ్చినా ఆ చిక్కుల్లో నీలాంటి ఉద్యోగస్తుడు వేలు పెట్టకూడదు. తెలిసిన లాయరుకి కొంత ఫీజు ఇచ్చి కాగితాలు చూపించడానికి మనవాళ్ళు వెనకాడతారు, లక్షలు పోసి కొనేటప్పుడు అది అసలు ఖర్చే కాదు.

పెందుర్తి వైపు చవకగా ఉందని మీ బావమరిది అన్నాడట. ఆ వైపు మంచి కాలనీలు చాలా ఉన్నాయి, ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు వరుసల రోడ్డు పడ్డాక సబ్బవరం దాకా కళ వచ్చింది. కానీ అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ ఐదు పేర్లలో ఏదైనా వినిపిస్తే ఆగు. పంచగ్రామాల సమస్య అంటారు చూడు, అదే. సింహాచలం దేవస్థానం భూముల వివాదం. తరాలుగా ఉంటున్నవాళ్ళు కూడా ఇల్లు రిజిస్టర్ చేయించుకోలేక, పాతబడిన గోడ తిరిగి కట్టుకోవాలంటే అనుమతి రాక ఎదురు చూస్తున్నారు. అక్కడివాళ్ళ బాధ తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. తెలిసి తెలిసి కొత్తగా ఆ బాధ కొనుక్కోవడం ఎందుకు. పైగా అది నీ ఆఫీసుకి పూర్తిగా అవతలి వైపు.

అందుకే నీ ఆఫీసు వైపు మిగిలింది మధురవాడ, కొమ్మాది, కాస్త లోపలికి పీఎం పాలెం. కార్ షెడ్ జంక్షన్ దగ్గర్నుంచి మారికవలస వరకు చూద్దాం. తగరపువలస నుంచి ఊళ్ళోకి పోయే 222 నంబరు బస్సు ఈ దారంతా తిరుగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి చెల్లెమ్మ ఎండాడలో పని చేసినా ఆనందపురంలో పని చేసినా దారి ఖర్చు ఉండదు. రద్దీ పెరిగింది, అది వేరే మాట, తొమ్మిదింటి ముందు ఎక్కితే కూర్చోవడానికి దొరుకుతుంది.

ఇల్లు చూసేటప్పుడు మొదట నీళ్ళ గురించి అడుగు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మా గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయరు ఉంది కదా, గోస్తని మీద, అక్కడి నీళ్ళు కూడా విశాఖకి వెళ్తాయి. అంత దూరం నుంచి నీళ్ళు తెచ్చుకునే ఊరు అది. శివారుకి వచ్చేసరికి కొన్ని వీధులకి కుళాయి నీళ్ళుంటాయి, పక్క వీధి బోరు మీదే బతుకుతుంది, ఏప్రిల్ మేల్లో ట్యాంకరు తెప్పించుకుని డబ్బులు పంచుకుంటారు. ఇంటి యజమానిని అడిగితే ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళున్నాయంటాడు. కింద వాచ్‌మన్ భార్యని అడుగు, బట్టలు ఆరేసుకునే ఆవిడని అడుగు, నిజం చెప్తారు. కొండవాలు మీద కట్టిన అపార్టుమెంటు అయితే వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూడు, మట్టి ఎటు జారిందో, కాలువ ఎక్కడ పొంగిందో కనిపిస్తుంది. సముద్రం కనిపించే బాల్కనీ కోసం అద్దె ఎక్కువ పెట్టకు. 2014 హుద్‌హుద్ తుఫాను రోజు నువ్వు శ్రీకాకుళంలో ఉన్నావు, నేను ఇక్కడే ఉన్నాను, అద్దాలు ఏమయ్యాయో, కరెంటు లేకుండా ఎన్నాళ్ళు ఉన్నారో మన ఇద్దరికీ తెలుసు. రెండో అంతస్తు, గాలి వచ్చే కిటికీ, లిఫ్టుకి జనరేటరు ఉంటే చాలు.

పిన్ని గురించి రాయకుండా ఎలా. వైజాగ్ వస్తే డాక్టర్లకి కొదవ లేదు, హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి ఉంది, ఊళ్ళో కేజీహెచ్ ఉంది. కానీ ఆవిడకి డాక్టరు ఒక్కడే కాదు కావాల్సింది. మీ వీధిలో పొద్దున్న వాకిలి చిమ్మిన దగ్గర్నుంచి రాత్రి గుమ్మం వేసే వరకు పలకరించే మనుషులున్నారు. ఫ్లాట్లో తలుపు వేసుకుంటే ఎవరూ ఉండరు. మా అమ్మని మా అప్ప హైదరాబాదు తీసుకెళ్ళినప్పుడు చూశాను, ఒంట్లో అన్నీ బాగానే ఉన్నా నెల తిరక్కుండా అన్నం సయించడం మానేసింది, తిరిగొచ్చి మా వీధి అరుగు మీద కూర్చున్నాకే మామూలు మనిషైంది. అందుకే శ్రీకాకుళం ఇల్లు ఖాళీ చెయ్యకండి, అద్దెకి ఇచ్చినా ముందు గది ఆవిడకి ఉంచండి. పండక్కి, పంటకి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి పది రోజులు ఉండి వచ్చేలా చూడు. మధురవాడ హైవే మీదే ఉంది కాబట్టి శ్రీకాకుళం బస్సు అక్కడే ఎక్కించొచ్చు, ఊళ్ళో ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళక్కర్లేదు. ఈ ఒక్క కారణానికే నేను ఊరికి అవతలి వైపున్న గాజువాక కన్నా ఈ వైపు మేలంటాను. గుడి నడిచి వెళ్ళే దూరంలో ఉందా అని కూడా చూద్దాం. అది చిన్న విషయం కాదు.

పాప బడి సంగతి. నడి ఏడాదిలో కదపకండి. నువ్వు ఫిబ్రవరిలో చేరి ఒక్కడివే రూములో ఉండు, ఏప్రిల్లో పరీక్షలయ్యాక వాళ్ళు వస్తారు, జూన్‌లో బడులు తెరిచేనాటికి కుదురుకుంటారు. పెద్ద బోర్డున్న కార్పొరేట్ బడి కన్నా, చెల్లెమ్మకి ఉద్యోగం ఇచ్చే బడిలోనే పాపని కూడా వేస్తే ఇద్దరూ కలిసి వెళ్ళి కలిసి వస్తారు, ఫీజులో తగ్గింపు కూడా ఉండొచ్చు. తను ఏమనుకుంటోందో అడిగావా? ఫోన్లో నువ్వు గజం రేటు చెప్పావు, ఈఎమ్ఐ చెప్పావు, తన మాట ఒక్కటీ చెప్పలేదు. కొత్త ఊళ్ళో రోజంతా ఇంటి చుట్టూ తిరగాల్సింది తనే కదరా.

రెండో శనివారం నాకు సెలవు. నువ్వూ చెల్లెమ్మా పొద్దున్నే బస్సెక్కి మధురవాడలో దిగండి, నేను ఇటు నుంచి వచ్చేస్తాను. కొమ్మాదిలో మా కొలీగ్ వాళ్ళ అపార్టుమెంటులో రెండు పోర్షన్లు ఖాళీ అవుతున్నాయట, కార్ షెడ్ వెనక ఇంకోటి ఉంది, మూడూ చూద్దాం. మధ్యాహ్నం అక్కడే భోంచేద్దాం. ఈలోగా ఆ ఏజెంటు టోకెన్ అడ్వాన్సు అంటే ఇవ్వకు, శనివారం దాటాక మాట్లాడతానని చెప్పు. పిన్నికి మోకాళ్ళు సహకరిస్తే ఆవిడని కూడా తీసుకురండి, లిఫ్టు ఎక్కి దిగి ఆవిడే చెప్తుంది ఏ ఇల్లు బాగుందో. ఏ బస్సుకి బయలుదేరుతున్నారో శుక్రవారం రాత్రి ఫోన్ చెయ్.

నీ
శీను