ఇంట్లో ఉండి పనిచేసేవారికి పని నేర్పే బాధ్యత ఎవరిది?

సంపాదకుల వారికి నమస్కారములు.

మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఆడవాళ్లం కలిస్తే మాటలు తిరిగి తిరిగి పనిమనుషుల దగ్గరికే వస్తాయి. ఇంట్లోనే ఉండి పెద్దవాళ్లను చూసుకునే మనిషి దొరకడం లేదనీ, దొరికినా పని రాదనీ, తీరా పని వచ్చేసరికి మానేసి వెళ్లిపోతోందనీ అందరిదీ ఒకటే బాధ. ఏజెన్సీకి ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘పన్నెండు గంటల మనిషి కావాలా, ఇరవై నాలుగు గంటల మనిషి కావాలా’ అని. ఆరేళ్ల కిందట మేమూ ఆ రెండో మాటే చెప్పి ఒక మనిషిని తెచ్చుకున్నాం. పని రాదని మనం నిందించే మనిషికి అసలు ఆ పని ఎవరైనా నేర్పారా అన్న ప్రశ్న అప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన నేను, ఇంట్లో నేర్పవలసిన పాఠం మొదట్లో ఎంత నిర్లక్ష్యంగా చెప్పానో దాచుకోకుండా ఈ లేఖ రాస్తున్నాను.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లక తప్పదు కనుక, ఏజెన్సీ ద్వారా కోనసీమ నుంచి ఒకావిడను పిలిపించుకున్నాం. నలభై ఏళ్లుంటాయి. భర్త లేడు, పిల్లలిద్దరినీ తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఇల్లు తుడవడం, అంట్లు తోమడం, వంట చేయడం ఆమెకు కొట్టిన పిండి. రోగిని చూసుకోవడం మాత్రం ఎన్నడూ చేయలేదు. ఏజెన్సీ వాళ్లు ‘ట్రెయినింగ్ అయిన మనిషి’ అని చెప్పి దానికి తగ్గ కమీషన్ తీసుకున్నారు. ఆ ట్రెయినింగ్ ఏమిటని ఆమెను అడిగితే, ఒక గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి ఫోటో తీసి పంపారని చెప్పింది.

వారం తిరగకుండానే తప్పు జరిగింది, ఆ తప్పు నాది. బడికి ఆలస్యమవుతోందన్న హడావుడిలో, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ‘పొద్దున ఈ రెండూ, మధ్యాహ్నం ఇది, రాత్రికి ఈ మూడూ’ అని ఒక్క గుక్కలో చెప్పి వెళ్లిపోయాను. ఆ రోజు అత్తగారికి బీపీ మాత్ర రెండుసార్లు పడింది. సాయంత్రానికి ఒళ్లు తూలిపోయి, చెమటలు పట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లి ఒక రాత్రంతా అక్కడే ఉంచవలసి వచ్చింది. దేవుడి దయవల్ల గండం గడిచింది. ఇంటికి వచ్చాక నేను కోపం పట్టలేక నాలుగు మాటలన్నాను. ఆమె తల వంచుకుని, ‘అమ్మగారూ, రెండూ తెల్లగానే ఉన్నాయండి. ఏది దేనికో మీరు చెప్పలేదండి’ అంది. మాత్రల రేకుల మీద ఉన్నదంతా ఇంగ్లీషు. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితమూ ఇంగ్లీషే. ఆమెకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు. తరగతిలో ఏ పిల్లవాడికీ అలా పాఠం చెప్పి ఎరుగను, ఇంట్లో ఒక ప్రాణం అప్పజెప్పిన మనిషికి మాత్రం అలా చెప్పాను.

ఆ మర్నాడు నాలుగు చిన్న డబ్బాలు కొన్నాను. మూతల మీద మా మనవరాలి చేత రంగు పెన్సిళ్లతో పొద్దు పొడుపు, అన్నం కంచం, సాయంత్రానికి టీ కప్పు, రాత్రికి చందమామ బొమ్మలు వేయించాను. మరుసటి రోజు వేయవలసిన మాత్రలు ముందు రాత్రి నేనే సర్దేదాన్ని. మాత్రలు వేశాక ఖాళీ డబ్బాను బోర్లించి పెట్టాలన్నది ఆమెకు తట్టిన ఆలోచన. ఇంట్లోకి ఎవరు ఎప్పుడు వచ్చినా, బోర్లించిన డబ్బాలు చూస్తే చాలు, ఏ పూట మందు పడిందో తెలిసిపోయేది. అత్తగారు ఆ తరువాత నాలుగేళ్లు బతికారు. ఆ నాలుగేళ్లలో మాత్ర ఒక్కటీ తప్పలేదు, ఒక్కటీ ఎక్కువ పడలేదు.

పక్షవాతం రోగిని చూసుకోవడంలో ఎన్ని మెళకువలు ఉన్నాయో, ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు చూపించేదాకా నాకూ తెలియదు. లేపి కూర్చోబెట్టేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారిపోతుంది. అందుకని రోగి నడుముకు ఒక పాత నూలు చీరను మడిచి కట్టి, మనం మోకాళ్లు వంచి, ఆ కట్టు పట్టుకుని లేపాలి. రవిక తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతి నుంచి చివర తీయాలి. మింగడం కష్టంగా ఉన్నవారికి నీళ్ల కన్నా చిక్కటి జావ మేలు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న చెంచాలతో పట్టాలి, తిన్న తరువాత అరగంట దాకా పడుకోబెట్టకూడదు. మంచానికే పరిమితమైన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము దగ్గరా మడమల దగ్గరా పుండ్లు పడతాయి. ఇవన్నీ ఆయన మా ఇద్దరికీ కలిపే నేర్పారు. మొదట నన్ను పడుకోబెట్టి ఆమె చేత లేపించారు, తరువాత ఆమెను పడుకోబెట్టి నా చేత లేపించారు. లాగితే ఎక్కడ నొప్పి పుడుతుందో ఒంటితో తెలుసుకున్న ఆమె, ఆ తరువాత ఒక్కనాడు కూడా అత్తగారి చెయ్యి పట్టి లాగలేదు. నాలుగేళ్లలో ఆవిడ ఒంటి మీద ఒక్క పుండు పడలేదని చూడవచ్చిన డాక్టరుగారే ఆశ్చర్యపోయారు.

నేర్పడమంటే ఒకటి రెండుసార్లు చేసి చూపించి, ఆ తరువాత మన ఎదుటే ఆమె చేత చేయించి, అది చేతికి వచ్చాకే ఇంకొకటి మొదలుపెట్టడం. ఇంత చిన్న విషయానికి మన ఇళ్లలో ఓపిక ఉండదు. కుక్కరు, మిక్సీ, వాషింగ్ మెషిన్, నీళ్ల ఫిల్టరు, గీజరు అన్నీ ఒకే పూట చూపించేసి, సాయంత్రానికి మరిచిపోయిందని విసుక్కుంటాం. ప్రాణం మీదికి తెచ్చే వాటిని మాత్రం మొదటి రోజే చెప్పి తీరాలి. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయాలని చెప్పాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎన్నడూ కలపకూడదని, కలిపితే విషవాయువు వస్తుందని చెప్పాలి. 108 నంబరు, మన ఇంటి అడ్రసు ఆమెకు నోటికి వచ్చి ఉండాలి. మా ఇంటి అడ్రసు ఆమెకు నాలుగో నెల దాకా తెలియదని ఒకనాడు మాటల్లో బయటపడినప్పుడు నా గుండె జల్లుమంది.

ఇంకొక సంగతి చాలా ఇళ్లలో చూశాను. అత్తగారు ఒకటి చెబుతారు, కోడలు దానికి ఎదురు చెబుతుంది, సాయంత్రం ఇంటికి వచ్చిన మగవారు మూడోది చెబుతారు. ఎవరి మాట వింటే ఎవరికి కోపమో తెలియక పనిచేసే మనిషి బిక్కచచ్చిపోతుంది, ఆ తరువాత అందరూ కలిసి ‘మాట వినదు’ అంటారు. మా ఇంట్లో పని చెప్పేది నేనొక్కదాన్నే అనీ, మిగతావారికి ఏదైనా కావాలంటే నాతో చెప్పాలనీ పెట్టుకున్న రోజు నుంచి సగం గొడవలు పోయాయి. తప్పు చేస్తే అప్పటికప్పుడే, చుట్టాల ముందు కాకుండా విడిగా చెప్పాలని కూడా అనుకున్నాం. దానికి కట్టుబడి ఉండడం నాకు కష్టమే అయింది, అయినా ఉన్నాను.

ఇప్పుడు ఆ ‘ఇరవై నాలుగు గంటల’ సంగతికి వస్తాను. రోగి ఉన్న ఇంట్లో రాత్రి రెండు మూడుసార్లయినా లేవాలి. అలా లేచిన మనిషే తెల్లవారి అయిదు గంటలకు పాలు కాచాలి, టిఫిన్ చేయాలి, పదింటికి స్నానం చేయించాలి. మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తే ‘జీతం తీసుకుని నిద్రపోతోంది’ అంటాం. నెల రోజులు ఇది చూసి, మావారూ నేనూ రాత్రుళ్లు వంతులు వేసుకున్నాం. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆమె గది తలుపు ఎవరూ తట్టకూడదని నియమం పెట్టుకున్నాం. ఆదివారం పూర్తిగా ఆమెది, ఆ రోజు పని మాది. వాళ్లకు సెలవులిస్తే నెత్తికెక్కుతారని హెచ్చరించిన వారున్నారు. మా ఇంట్లో అలా జరగలేదు, నిద్ర చాలిన మనిషి చేతిలో మా అత్తగారు పదిలంగా ఉన్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి మన ఆడవాళ్లు ఎందరో కువైట్ ఇళ్లలో పనికి వెళ్తారు. అక్కడి బాధలు మీ పత్రికలో తరచూ చదువుతూనే ఉన్నాం. అయినా ఆ దేశంలో 2015లో వచ్చిన చట్టం ఇంటిపనివారికి రోజుకు పన్నెండు గంటలకు మించి పని చెప్పకూడదనీ, వారానికొక రోజు సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదనీ చెబుతోంది. అక్కడ అది సరిగా అమలు కావడం లేదని కోప్పడే మనం, ఇక్కడ మన ఇంట్లో ఉన్న మనిషి ఆధార్ కార్డును బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం ఏం న్యాయం? పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వవలసి ఉంటే ఆమెకు చెప్పి, ఆమె ఎదుటే జిరాక్సు తీసి, కార్డు తిరిగి ఆమె చేతికే ఇవ్వాలి.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. జీతం ఎంత, ఏ తారీఖున, సెలవులు ఎన్ని, ఊరికి వెళ్లే ఛార్జీలు ఎవరివి, మానేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవడం మంచిది. అడ్వాన్సు ఇచ్చిన ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో ఆమె చేతనే అంకె వేయించేదాన్ని. జీతం నేరుగా ఆమె ఖాతాలో పడేది. మానేసి పోతుందేమోనన్న భయంతో ఒక నెల జీతం ఆపి ఉంచుకునే అలవాటు మా చుట్టుపక్కల చాలామందికి ఉంది. చేసిన పనికి రావలసిన డబ్బు అది, దాన్ని ఆపుకునే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు.

వేరే గ్లాసు, వేరే కంచం, వేరే లిఫ్టు గురించి చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. మన అమ్మ నోటికి అన్నం అందించే చేతికి మన గ్లాసు ఎందుకు పనికిరాదు? మా ఇంట్లోనూ మొదటి రెండు నెలలు స్టీలు గ్లాసు విడిగానే ఉండేది. దాన్ని మా మనవరాలే ఒకనాడు తెచ్చి అన్నిటితో కలిపేసింది, అంతటితో ఆ పద్ధతి పోయింది. ఆ పిల్ల ఆమెను ‘అత్తా’ అని పిలిచేది, మేమూ పేరు చివర ‘గారు’ చేర్చడం అలవాటు చేసుకున్నాం.

చదివిస్తామని చెప్పి ఊళ్ల నుంచి పదకొండు పన్నెండేళ్ల ఆడపిల్లలను పనికి తెచ్చుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత ఇంటిపని చేయించడాన్ని కేంద్ర ప్రభుత్వం 2006 అక్టోబరులోనే నిషేధించింది. అటువంటి పిల్ల పక్క ఫ్లాటులో కనబడితే ‘మనకెందుకులే’ అనుకోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. ఆ సంగతి మా అపార్ట్‌మెంట్‌లో నేను అడిగిన ఏ ఒక్కరికీ తెలియదు. ఇంటిపనివారి హక్కులకు ఒక చట్టం అవసరమా అన్నది పరిశీలించేందుకు కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది. ఆ చట్టం వచ్చేదాకా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. పక్షవాతం, తుంటి ఎముక విరగడం వంటి వాటితో మంచాన పడినవారిని ఇంటికి పంపే ముందు, వారిని చూసుకోబోయే మనిషి ఎవరైనా సరే, ఇంటివారైనా జీతానికి వచ్చినవారైనా, ఆసుపత్రిలోనే ఒక పూట కూర్చోబెట్టి లేపడం, తిప్పడం, తినిపించడం చేయించి చూపాలని, మందుల కాగితం తెలుగులో, బొమ్మలతో ఇవ్వాలని రెండు ఆరోగ్య శాఖలూ ఉత్తర్వులు ఇవ్వాలి. ట్రెయినింగ్ పేరుతో కమీషన్ తీసుకునే ఏజెన్సీలు ఏ పని, ఎన్ని గంటలు, ఎవరు నేర్పారో రాసి ఇవ్వాలని కార్మిక శాఖ అడగాలి.

మా అత్తగారు పోయిన తరువాత ఆమె మరో ఇంట్లో, మేమిచ్చిన దాని కన్నా ఎక్కువ జీతానికి కుదిరింది. పని వచ్చాక వెళ్లిపోయిందని నేను అనుకోను. ఆ పనికి విలువ ఉంది కనుకే ఎక్కువ ఇచ్చారు. వెళ్లేటప్పుడు ఆ నాలుగు డబ్బాలూ అడిగి తీసుకెళ్లింది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. కనీస వేతనాల్లో కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మారుతుంది. అలా మారినప్పుడల్లా ఇంటిపనికి సంబంధించిన రేట్లను రెండు రాష్ట్రాలకూ విడివిడిగా, పెద్ద అక్షరాలతో జిల్లా పేజీలలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ కాగితం ముక్క కత్తిరించి వంటగది గోడకు అంటించే ఇల్లు మా అపార్ట్‌మెంట్‌లో ఒకటైనా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్