సంచి తీసేయమన్నారని ఏడ్చావట!

హన్మకొండ,
ఆదివారం పొద్దున.

ఒసేయ్ సరితా,

మొన్న ఫోన్‌లో "గర్భసంచి తీసేయాలన్నరే" అని ఒక్క మాట అని ఆగిపోయావు. వెనక మీ అత్తమ్మ గొంతు వినబడింది, అందుకే నేనూ గుచ్చి అడగలేదు. నువ్వు రాత్రి ఏడ్చిన సంగతి తర్వాత అన్న చెప్పాడులే. వాట్సాప్‌లో రాద్దామంటే నీ ఫోన్ ఎప్పుడూ మీ చిన్నోడి చేతిలోనే ఉంటుంది. అందుకని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చేతిరాత చూసి నవ్వకు, పిల్లల నోట్సులు దిద్దీ దిద్దీ నా రాత కూడా వాళ్ల రాతలాగే అయింది.

నువ్వు పంపిన రిపోర్టు ఫోటో మూడుసార్లు చదివాను. 5 సెంటీమీటర్ల గడ్డ (ఫైబ్రాయిడ్ అంటారు చూడు, అదే), సంచి 10 వారాల సైజు అని ఉంది. ఆ వారాల లెక్కకు హడలిపోకు. కడుపుతో ఉన్నప్పుడు సంచి ఏ వారానికి ఎంత పెరుగుతుందో, ఆ కొలతలో చెబుతారంతే. నాకు 42 ఏళ్లప్పుడు రిపోర్టులో 12 వారాలు అని వస్తే, మా అత్తమ్మ చెవిన పడి, "ఈ వయసుల గిదేం చోద్యం బిడ్డా" అని నోటి మీద చెయ్యేసుకుంది. రెండు రోజుల్లో మాట వాడకట్టంతా పాకింది. ఎదురింటామె చింతకాయ తొక్కు డబ్బా పట్టుకొచ్చింది కూడా. తొక్కు మాత్రం బాగుంది.

సరే, నవ్వు పక్కన పెట్టు. నీకు చెప్పని సంగతి ఒకటుంది.

నాకు గడ్డలున్నాయని మొదట తెలిసినప్పుడు ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లాను. స్కాన్ కాగితం ఇలా చూసి, "ఇద్దరు పిల్లలున్నరు కదా, ఇక సంచితో ఏం పని? తీసేద్దాం" అంది. రెండు నిమిషాలు పట్టలేదు. గడ్డ ఎక్కడుంది, నెలకు ఎన్ని రోజులు అవుతోంది, ఒక్క ప్రశ్న లేదు. నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. 28 ఏళ్లకే ఆమెకు సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. 35 రాకముందే ఒళ్లు సెగలు, నడుము నొప్పి. ఇప్పుడు పత్తి ఏరడానికి వంగలేదు. ఆ భయంతో బయటికి వచ్చేశాను. అక్కడిదాకా నేను చేసింది కరెక్టే.

తప్పు ఆ తర్వాత చేశాను. ఎవరో చెబితే ఒక ఊళ్లో పొడి ఇచ్చే ఆయన దగ్గరికి వెళ్లాను. నెలకు రెండు వేలు, గడ్డ "కరిగి పోతది" అన్నాడు. ఎనిమిది నెలలు మింగాను. అందులో ఏముందో ఆయన చెప్పడు, నేనూ అడగలేదు. ప్రతి నెలా ఎనిమిది, తొమ్మిది రోజులు అవుతూనే ఉండేది, గడ్డలు గడ్డలుగా రక్తం. వేడి బయటికి పోతోందన్నాడు, నమ్మాను. సద్దుల బతుకమ్మనాడు మూడు చుట్లు తిరిగేసరికి కళ్లు బైర్లు కమ్మి గునుగుపూల మీదే కూలబడ్డాను. రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్లకు 12 ఉండాలి కదే! ఒక బాటిల్ రక్తం, తర్వాత సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. చదువు చెప్పే టీచరమ్మవి, నీకిదేం తెలివి అని మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. పడతాను.

అప్పుడు దొరికింది ఒక మంచి డాక్టరమ్మ. తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఇవి గర్భసంచి కండరంలోంచే పుట్టే గడ్డలట, క్యాన్సర్ కావు. వీటిలో క్యాన్సర్ బయటపడడం చాలా అరుదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల మీద బతుకుతాయి కాబట్టి ముట్లు ఆగిపోయాక మామూలుగా కుంచించుకుపోతాయి. మనలో చాలామందికి తెలియకుండానే ఉంటాయి, ఏ బాధా పెట్టనివాటి జోలికి పోనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, గడ్డ ఎంతుందని కాదు, ఎక్కడుందని. సంచి బయటి వైపుకు పెరిగింది బత్తాయంత ఉన్నా బ్లీడింగ్ పెంచకపోవచ్చు, మూత్రసంచిని నొక్కి మాటిమాటికీ బాత్రూంకి పరిగెత్తిస్తుంది. లోపలి పొర కిందిది ఉసిరికాయంతే ఉన్నా రక్తం పారిస్తుంది. నాకు జరిగింది అదే. 5 సెంటీమీటర్లది గోడ మధ్యలో ఉంది. మేమంతా దాన్నే తిట్టుకున్నాం. అసలు దొంగ లోపలున్న 2 సెంటీమీటర్లది. దాన్ని కింది నుంచే, పొట్ట మీద గాటు లేకుండా, కెమెరా గొట్టం పెట్టి తీసేశారు. మర్నాడు ఇంటికొచ్చాను. పెద్దది ఇంకా ఉంది, ఆరు నెలలకోసారి స్కాన్‌లో చూసుకుంటున్నాం. కదలకుండా కూర్చుంది.

నీ రిపోర్టులో ఆ "ఎక్కడ" అన్నది సరిగ్గా రాయలేదు. అదే ముందు అడుగు.

మందుల సంగతి. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రనెక్సామిక్ యాసిడ్ బిళ్లలున్నాయి. రక్తం పోవడం బాగా తగ్గిస్తాయి, గడ్డను మాత్రం కరిగించవు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వేసుకోకూడదు, కాబట్టి షాపులో అడిగి కొనుక్కోకు. హార్మోన్ విడుదల చేసే లూప్ ఒకటుంది, గర్భసంచి లోపల పెడితే కొన్నేళ్లు పనిచేస్తుంది. మా స్కూల్లో ఒక మేడమ్‌కు దాంతో ముట్టు దాదాపు ఆగిపోయింది. కానీ గడ్డ వల్ల లోపలి ఆకారం మారిపోయి ఉంటే జారి బయటికి వచ్చేయవచ్చు. గడ్డను చిన్నది చేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఆపితే మళ్లీ పెరుగుతుంది, ఎక్కువ కాలం వాడితే ఎముకలు పలచబడతాయి. అందుకే ఎక్కువగా ఆపరేషన్ ముందు మూడు నెలలు, ఆరు నెలలు ఇస్తారు.

సంచి ఉంచి గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ నీకు ఎవరూ చెప్పి ఉండరు. మళ్లీ కొత్తవి రావచ్చు, అది నిజమే. కానీ నీకు 41, ముట్లు ఆగే వయసు ఎంతో దూరం లేదు. ఇంకోటి, గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళాన్ని సన్నటి రేణువులతో మూసేయడం. తొడ దగ్గర నుంచో, మణికట్టు నుంచో సన్న గొట్టం పంపిస్తారు. తిండి అందక గడ్డ ముడుచుకుపోతుంది. 1995లో ఫ్రాన్స్ డాక్టర్లు దీని గురించి మొదట రాశారట. హైదరాబాద్‌లో చేస్తున్నారు. ఒకటి రెండు రోజులు నొప్పి గట్టిగానే ఉంటుందని చెప్పారు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు సాధారణంగా వద్దంటారు, నీకు ఆ గొడవ లేదు.

ఇంటి వైద్యం మొత్తం దండగ అనను. మునగాకు పప్పు, పుంటికూర, నువ్వుల లడ్డూ, రాగి అంబలి తిను. రక్తం పోతున్న ఒంటికి అవి కావాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకో, ఐరన్ బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు మాత్రం మానేయ్, అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. (నీకిది చెప్పడం కష్టమే, నువ్వు చాయ్ లేకుండా పెళ్లికి కూడా ఒప్పుకోలేదు కదా!) కానీ హిమోగ్లోబిన్ 8కి పడిపోయినవాళ్లకు మునగాకు ఒక్కటే చాలదు, బిళ్లలో ఇంజెక్షనో కావాలి. పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగు నొప్పికి నిజంగా పనిచేస్తుంది. విటమిన్ డి తక్కువున్నవాళ్లలో గడ్డలు ఎక్కువ కనబడుతున్నాయంటున్నారు, అదొకసారి చూపించుకో. నేను పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నాను. గడ్డ కరగలేదు, మనసు మాత్రం తేలికైంది.

అశోకారిష్టం, కాంచనార గుగ్గులు అని మీ ఆడిబిడ్డ చెప్పిందన్నావు. తరతరాలుగా వాడుతున్నవే, కానీ అవి గడ్డను కరిగిస్తాయని గట్టి రుజువు లేదు. వాడాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరుకు చూపించుకుని, మీ డాక్టరుకూ చెప్పి వాడు. పేరు లేని పొడులు, భస్మాలు మాత్రం ముట్టుకోకు, వాటిలో సీసం, పాదరసం ఉండొచ్చు. గ్రీన్ టీ సారం మాత్రల మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి, ఆశ పుట్టించాయి కూడా. కానీ ఆ మాత్రలు ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది. ఉత్త గ్రీన్ టీ తాగితే తాగు, పోయేదేం లేదు, రుచి తప్ప.

సంచి తీయడమే తప్పు అని కూడా అనుకోకు. మా ఆడిబిడ్డకు 47, నాలుగు పెద్ద గడ్డలు కిడ్నీ నాళాన్ని నొక్కేశాయి. తీయించుకుంది, అండాశయాలు ఉంచారు, ఇప్పుడు హాయిగా ఉంది. నా కోపమంతా అడగకుండా, చూడకుండా తీసేయడం మీద. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూశాను. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే మన తెలంగాణలో 8 మంది, ఆంధ్రలో దాదాపు 9 మంది. మన గడ్డ మీది ఆడవాళ్లకేనా ఇన్ని రోగాలు? అనవసరంగా తీసే ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చిందంటే చూడు.

అందుకని ఈసారి డాక్టరు దగ్గరికి అన్నను తీసుకుని వెళ్లు, నోరు తెరిచి అడుగు. గడ్డ లోపలుందా, గోడలోనా, బయటా? గడ్డ ఒక్కటే తీయడం కుదరదా, కుదరకపోతే ఎందుకు? సంచి తీస్తే అండాశయాలు ఉంచుతారా? ఇది తప్పకుండా అడుగు. నీకు ముట్టుకీ ముట్టుకీ మధ్యలో కూడా రక్తం కనబడుతోందన్నావు కాబట్టి, లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపమంటే భయపడకు, నలభై దాటాక అది చేయించుకోవడం మంచిదే.

ఇంకో డాక్టరుకు చూపిస్తే మొదటి డాక్టరు ఏమనుకుంటారో అన్నావు. చీర కొనడానికి వరంగల్ చౌరస్తాలో ఎనిమిది షాపులు ఎక్కించి దించావు నన్ను, అప్పుడు ఏ షాపాయన ఏమనుకున్నాడో అడిగావా?

దసరా సెలవులకు పిల్లల్ని తీసుకుని ఇక్కడికే రా. మా డాక్టరమ్మకు ముందే చెప్పి పెడతాను. ఈలోపు రక్త పరీక్ష చేయించి నంబరు ఒక్కటి మెసేజ్ పెట్టు, అది మీ చిన్నోడు చదివినా ఫర్వాలేదు. వచ్చేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ ఫిల్మ్ కూడా తీసుకురా. సకినాలు తేకు, నేనే చేసి పెడతాను. పోయినసారి నువ్వు చేసినవి కొరకలేక మా అత్తమ్మ చాయ్‌లో నానబెట్టుకుంది.

నీ
పద్మ