ఊరి పేర్లో ఉన్న వలస గోడ మీద ఎందుకు లేదు?

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒకటి చూపించింది. రీనా సైనీ కల్లాట్ అని ముంబయిలో ఉండే ఆర్టిస్టు, రంగురంగుల కరెంటు వైర్లతో గోడంతా ప్రపంచపటం అల్లేసింది, ఎక్కడి మనుషులు ఎక్కడికి వలస పోయారో ఆ దారులన్నీ వైర్లే, కొన్నిచోట్ల అవే వైర్లు ముళ్లకంచెలా మెలితిరిగి ఉంటాయి, స్పీకర్లలోంచి ఓడ కూతలూ సైరన్లూ కూడా వినిపిస్తాయంట. 2016లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో పెట్టారు. తాపీమేస్త్రి కొడుకుని, ఇలాంటి ఆర్టు నాకేం తెలుస్తాదిలే అనుకున్నాను గానీ చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది. నాన్న మద్రాసు పనికెళ్లిపోతే ఆవిడకి ఉన్నది ఎస్టీడీ బూత్ వైరొక్కటే కదా, ఆదివారం రాత్రి లైన్లో నిలబడి, మీటర్ చూసుకుంటా మాట్లాడి, సగం మాట మింగేసి ఫోన్ పెట్టేసేది.

మన సిక్కోలు (శ్రీకాకుళం) రావాలంటే రైలు దిగేదే ఆమదాలవలసలో. అటు విజయనగరం వైపు కొత్తవలస. ఎక్కడినుంచో వచ్చి కుదురుకున్నోళ్ల ఊళ్లు కాబట్టి ఆ పేర్లు, ఇప్పుడు ఆ ఊళ్లోళ్లే బయటికి పోతన్నారు. ఒకప్పుడు రంగం వెళ్లారు (రంగూన్‌ని మన పెద్దోళ్లు అలాగే అనేవారు), 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడితే ఎంతోమంది అడవుల్లో నడుచుకుంటా వెనక్కొచ్చారు. ఇప్పుడు ఎచ్చెర్ల వైపు మత్స్యకారులు వేటకి గుజరాత్ వెరావల్ దాకా వెళ్తారు, 2018 నవంబర్‌లో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోతే మనోళ్లు ఇంటిమొహం చూసేసరికి 2020 జనవరి అయింది.

మరి గోడలకి రంగులేస్తే ఏం వేస్తన్నాం? అరసవల్లి సూర్యుడు, శ్రీముఖలింగం గుడి, తప్పెటగుళ్లు. బాగుంటాయి, వద్దనట్లేదు. రేకుపెట్టె పట్టుకుని జనరల్ బోగీ ఎక్కే మనిషి ఒక్కడూ కనబడడేం? మద్రాసులో మా నాన్నని తెలుగోడని వెక్కిరిస్తా గుల్టీ అనేవారు, పండక్కి ఇంటికొస్తే మద్రాసోడొచ్చాడనేవారు. మా తమ్ముడి పిల్లలైతే హైదరాబాద్ స్కూల్లో నవ్వుతారని ‘ఏటి’ అనడం మానేశారు, ఇక్కడికొచ్చినా ‘ఏంటి’ అనే అంటారు, అది విన్నప్పుడల్లా ఇంటికి చుట్టాలొచ్చినట్టుందిరా అంటాది మా అమ్మ.

అధికారులకి నేను చెప్పేదొకటే, బస్ కాంప్లెక్స్‌లోనో స్టేషన్లోనో ఒక్క గోడ వలసకి ఇవ్వండి. ఆ రీనా వైర్లతో అల్లింది, మనకి వలలల్లే చేతులున్నాయి, పొందూరు నూలుంది, ఇక్కడి కుర్ర ఆర్టిస్టుల్ని వాళ్లతో కూర్చోబెడితే ఏదో ఒకటి అల్లుతారు. స్పీకర్లో మన యాసలో ‘ఎప్పుడొస్తావు’ అన్న మాట వినిపిస్తే చాలు. ఫ్లెక్సీలు మాత్రం వద్దు బాబూ, దాని మీద మళ్లీ నాయకుల ఫొటోలే వస్తాయి.

ఆ గోడ దగ్గర పెట్టడానికి మా నాన్న రేకుపెట్టె నేనిస్తాను. గొళ్లెం ఊడిపోయింది, మూత లోపల ఆయన సుద్దతో రాసుకున్న కూలి లెక్కలు ఇంకా కనబడతన్నాయి, దయచేసి ఎవరూ రంగెయ్యొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఆమదాలవలస