బొంతకు మెత్తటి అతుకే మేలు

సంపాదకులకు నమస్కారం.

చీరల బొంత చిరగగానే చాలామంది మిషన్ మీద పాలిస్టర్ అతుకు వేయించేస్తున్నారు. నాలుగు ఉతుకులకే ఆ అతుకు పక్కన మళ్లీ చిరుగుతోంది. గట్టి గుడ్డ లాగితే నలిగిన నేత ఆగదు. పైగా మిషన్ సూది దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తుంది.

వాడి మెత్తబడిన నూలు చీర గానీ, పాత పొందూరు పంచె గానీ అతుక్కి వాడండి. కొత్త నూలుగుడ్డే దిక్కయితే రాత్రంతా నానబెట్టి ఆరేయాలి, లేదంటే తర్వాత ముడుచుకుని బొంతను గుంజేస్తుంది. చిరుగు చుట్టూ వేళ్లతో తడిమితే పోగులు ఎంతవరకు నీరసించాయో తెలుస్తుంది. అతుకు అక్కణ్నుంచి అన్నివైపులా అంగుళం ఎక్కువుండాలి. అంచు పావంగుళం లోపలికి మడిచి, నడుమ నుంచి బయటికి టాకాలు (గుడ్డ కదలకుండా ముందుగా వేసే పెద్ద కుట్లు) వేయాలి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది. తర్వాత నూలు దారంతో, అన్ని పొరలూ పట్టేలా, పావంగుళం కుట్లు. దారం బిగించొద్దు. ముడిని పొరల మధ్యకు లాగేయండి.

ఉతుకు అతుకు వేశాకే. బొంతను ముందే నానబెడితే చిరుగు పెద్దదవుతుంది.

మన జిల్లాలోని కుట్టు శిక్షణ కేంద్రాల్లో జాకెట్లతోపాటు ఈ చేతికుట్టూ నేర్పించాలని అధికారులను కోరుతున్నాం.

- బొంతలు కుట్టే మహిళలు, శ్రీకాకుళం జిల్లా