పుచ్చిన చెక్కను గట్టిపరిచే మీ ద్రావణం లేబుల్‌పై ఫిర్యాదు

విషయం: లేబుల్ మీది తప్పుడు సూచనలు, వాటివల్ల పాత వస్తువుకు జరిగిన నష్టం

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

"పురుగు తొలిచిన చెక్కకు ఒక్క దట్టమైన పూత చాలు. చెక్క గట్టిపడుతుంది, పురుగు చస్తుంది" అని మీ సీసా మీద ఉంది. రెండూ తప్పే. లేబుల్‌లో చెప్పింది చెప్పినట్టు చేస్తే ఒక పాత చెక్కపెట్టె కాలు విరిగింది. పైన రెండు మిల్లీమీటర్ల మందాన పెంకు కట్టింది, దాని వెనకంతా పిండే. పెట్టె ఎత్తగానే పెంకు చిట్లి ఆ పిండి కుప్పగా రాలింది.

పుచ్చిన చెక్కలో బలం పోయేది లోపల. రెజిన్, అంటే ఆరాక గట్టిపడే జిగురు లాంటి పదార్థం, అక్కడిదాకా వెళ్లాలంటే ద్రావణం బాగా పలచగా ఉండాలి. పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్ వాడేవాళ్లు దాన్ని కరిగించే ద్రావకమైన అసిటోన్‌లో 5 శాతంతో, అంటే 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములతో మొదలుపెట్టి, చెక్క పీల్చుకునే కొద్దీ 10 శాతానికి వెళ్తారు. ముందుగా పురుగు తొలిచిన పొడిని మెత్తటి కుంచెతో దులిపి, ద్రావణాన్ని, సిరంజితో ఒక్కో కన్నంలోకి ఎక్కించి, పైకి కారినదాన్ని అసిటోన్ తడిపిన దూదితో అప్పటికప్పుడే తుడుస్తారు. మీ ద్రావణం సీసా వంచితే తీగలా సాగుతుంది. కన్నాల మూతులు మూసేసి అక్కడే ఆగిపోతుంది.

"ఎండలో త్వరగా ఆరబెట్టండి" అన్న సూచన ఇంకా చేటు. ద్రావకం గబగబా ఆవిరైతే లోపలికి దిగిన రెజిన్‌ను కూడా వెంట పైకి లాక్కొస్తుంది. అందుకే పాలిథిన్ కప్పి రోజుల తరబడి నెమ్మదిగా ఆరనివ్వాలి. తేలిగ్గా అంటుకునే ద్రావకాన్ని ఎండలో పెట్టమనడం ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు.

ఇక పురుగు సంగతి. పూత ఆరిపోయాక కూడా కాలి కింద కొత్త పొడి పడుతూనే ఉంది. పైకి కనిపించే కన్నం, రెక్కల పురుగు బయటికి వెళ్లిపోయిన దారి మాత్రమే. కొయ్యను తినే లార్వాలు లోపలెక్కడో ఉంటాయి, పైపూత వాటి జోలికి పోదు. ముందు వాటిని చంపాలి. వస్తువును పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 30 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచడం ఒక పద్ధతి. రంగులు, బంగారు పూత ఉన్నవాటికి అతి చలి మంచిది కాదు. అలాంటివాటిని ఆక్సిజన్ 0.3 శాతం లోపున్న సంచిలో, వెచ్చటి గదిలో, సుమారు 3 వారాలు ఉంచుతారు. గట్టిపరచడం ఆ తర్వాతి పని. తేమతో కుళ్లిన చెక్కయితే ముందు తేమ 20 శాతం లోపుకి దిగాలి. దీని గురించి లేబుల్‌లో ఒక్క ముక్కా లేదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది మరొకటి. రాలిన పెంకు ముక్కను అసిటోన్‌లో రాత్రంతా నానబెడితే ఉబ్బింది తప్ప కరగలేదు. పారలాయిడ్ అయితే కరిగేది. అంటే మీ పూతను వెనక్కి తీసే దారి లేనట్టే. పాత వస్తువుకు ఇలాంటిది అమ్మేటప్పుడు ఆ మాట ముందే చెప్పాలి.

కాబట్టి మా కోరికలు ఇవి. రెజిన్ పేరు, దాని శాతం, ద్రావకం, తిరిగి తీయవచ్చో లేదో లేబుల్‌పై అచ్చు వేయండి. "పురుగు చస్తుంది", "ఒక్క పూత చాలు" అన్న మాటలు తీసేయండి. అప్పటిదాకా ఈ సీసాల అమ్మకం ఆపండి. మేం కట్టిన డబ్బు వాపసు ఇచ్చి, పెంకును కొంతైనా మెత్తబరిచే ద్రావకం ఏదో మీ రసాయన విభాగం చేత రాతపూర్వకంగా చెప్పించండి. 15 రోజుల్లో జవాబు పంపగలరు. రాలిన ముక్కలు, ఖాళీ సీసా, బిల్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
పాత చెక్క వస్తువుల పరిరక్షణ పని చేసేవాళ్లం