పని ఆగలేదు కాబట్టి జబ్బు లేదనుకున్నాను

సంపాదకులు గారికి,

నమస్కారం. ఖమ్మం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆందోళన జబ్బు గురించి పత్రికల్లో ఏది వచ్చినా పక్కన వేసే బొమ్మ ఒకటే, చీకటి గదిలో తల పట్టుకుని కూర్చున్న మనిషి. నేనెప్పుడూ అలా కూర్చోలేదు. అందుకే ఆ వ్యాసాలు ఎవరి కోసమో అనుకుని పేజీ తిప్పేసేదాన్ని.

నాలో ఈ జబ్బును మొదట అనుమానించింది పళ్ల డాక్టరమ్మ. రెండేళ్ల కిందట పన్ను నొప్పితో వెళ్తే చేతికి అద్దం ఇచ్చి చూసుకోమన్నారు. కింది పళ్ల కొసలన్నీ అరిగి చదునుగా ఉన్నాయి. "నిద్రలో పళ్లు కొరుకుతున్నారమ్మా, దేని గురించి ఇంత టెన్షన్?" అని అడిగారు. ఏమని చెప్పను? తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. మండల గ్రూపులో మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి మెసేజ్ కనిపిస్తే తెరవకముందే గుండె దడ. హైదరాబాద్ హాస్టల్‌కు బయల్దేరిన మా అమ్మాయి "చేరానమ్మా" అని చెప్పడం పది నిమిషాలు ఆలస్యమైతే నా కళ్ల ముందు బస్సు బోల్తా పడిపోయేది. పేపర్లు దిద్దితే మార్కులు మూడుసార్లు కూడేదాన్ని.

బడికి మాత్రం ఒక్కరోజు ఆలస్యం కాలేదు. రికార్డులన్నీ గడువుకు ముందే సిద్ధం. "మేడమ్ ఉంటే నాకు టెన్షన్ లేదు" అని మా హెడ్మాస్టరు గారు నలుగురిలో అనేవారు. ఆ మాట కోసం ఇంకాస్త పని నెత్తిన వేసుకునేదాన్ని.

టెన్షన్ ఎవరికి లేదు అంటారు. నిజమే, కానీ అందరి టెన్షన్ ఆ పని అయిపోగానే పోతుంది. ఒక ఏడాది మా బడిలో పదో తరగతి పిల్లలు 41 మందీ పాసయ్యారు. స్టాఫ్ రూములో స్వీట్లు పంచుతుంటే, వచ్చే ఏడాది బ్యాచ్‌లో ఎవరెవరికి బీజగణితం రాదో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. చేతిలోని లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

గుండె దడకు చూపించుకుంటే ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు నార్మల్ అని వచ్చాయి, గ్యాస్ మాత్రలు రాశారు. తోటి టీచరు చెబితే మందుల షాపులో నిద్రమాత్రలు కొన్నాను. చీటీ అడగలేదు, ఇచ్చేశారు. ఆరు నెలలు వాడాను. అది అల్ప్రాజోలం అనీ, అలవాటు పడే మందు అనీ, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమనీ తర్వాత మానసిక వైద్యుడు చెబితేగానీ నాకు తెలియదు. కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆయనే మాన్పించారు. ఈ ఒక్క విషయంలో పాఠకులు జాగ్రత్తగా ఉండాలని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఆ డాక్టరు గారు నా చేత ఏడు ప్రశ్నల కాగితం నింపించారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా ఉంది, చింతను ఆపుకోలేకపోయారా, ఇలాంటివి. 21కి నాకు 16 వచ్చాయి. 15 నుంచి తీవ్రమైనదిగా లెక్కిస్తారట. "పనులన్నీ చేసుకుంటున్నాను కదండీ?" అన్నాను. "చేస్తున్నారు, మీ చేత భయం చేయిస్తోంది" అన్నారు. పైకి బాగా నెట్టుకొచ్చే నాలాంటి వాళ్ల ఆందోళనకు వైద్య గ్రంథాల్లో విడిగా పేరు లేదు. నాకు రాసిన పేరు జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే ప్రతిదాని గురించీ అదుపు లేకుండా సాగే ఆందోళన.

మందుతో పాటు 14 వారాలు కౌన్సెలింగ్‌కు వెళ్లాను. మొదటిరోజు సైకాలజిస్టు అమ్మాయి ఇంగ్లిషులో అడిగినవాటికి పాఠం అప్పజెప్పినట్టు జవాబులు చెప్పాను. "భయం ముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది మేడమ్?" అని తెలుగులో అడగగానే చెయ్యి దానంతటదే గొంతు కిందికి వెళ్లింది. అక్కడ ముద్ద అడ్డం పడ్డట్టుంటుంది. ఏడుపొచ్చేసింది.

ఒక నోటుబుక్కు పెట్టించారు. ఏం జరుగుతుందని భయం, నూటికి ఎంత నమ్ముతున్నాను, చివరికి జరిగిందేమిటి. ఒక కట్ట స్లిప్ టెస్ట్ పేపర్లకు మార్కులు ఒక్కసారే కూడాలన్నది మొదటి హోంవర్క్. కట్టను బీరువాలో పెట్టి తాళం వేశాక చేతులు మళ్లీ తాళం వైపే లాగాయి. పావుగంట ఓర్చుకోమన్నారు కదా అని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పన్నెండో నిమిషానికి గొంతు కింది ముద్ద కాస్త సడలింది. మర్నాడు ఒక పిల్లాడు వచ్చి "మేడమ్, ఒక మార్కు తక్కువేశారు" అన్నాడు. నిజంగానే నా కూడిక తప్పు. ఎర్ర పెన్నుతో దిద్దాను, వాడు నవ్వుకుంటూ బెంచీకి పరిగెత్తాడు. తల్లిదండ్రులు గొడవకొస్తారు, ఉద్యోగానికి మచ్చ వస్తుంది అని ముందురోజు 80 మార్కుల భయం రాసుకున్నాను. చివరి గడిలో "ఒక మార్కు దిద్దాను" అని రాశాను. ఆ పేజీ ఇప్పటికీ తీసి చూసుకుంటాను.

ఒక్కో కౌన్సెలింగ్ సెషన్‌కు 900 రూపాయలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. నా పాలసీవాళ్లను అడిగితే, అడ్మిట్ అయితేనే ఇస్తామన్నారు. పొద్దున బడికి వెళ్లి సాయంత్రం కౌన్సెలింగ్‌కు వెళ్లే మనిషి ఎందుకు అడ్మిట్ అవుతుంది? ఔట్ పేషెంట్ కౌన్సెలింగ్ ఖర్చు బీమాలోకి రావాలి. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో ఆందోళన, కుంగుబాటు లాంటి ఎక్కువగా కనిపించే మానసిక జబ్బులున్న వారిలో 80 శాతానికి పైగా చికిత్సకు నోచుకోలేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మన దగ్గర నాలాంటివాళ్లు ఎంతమందో లెక్క తీయాలి.

డబ్బు లేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. 14416కు ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పదో తరగతి ఫలితాల రోజు మీ పత్రికలో ఆ నంబరు వేయండి. పిల్లలకే కాదు, టీచర్లకు కూడా అని ఒక ముక్క చేర్చండి. ఈ జబ్బు గురించి ఈసారి రాసినప్పుడు, చీర మడత నలగకుండా బోర్డు మీద లెక్క చేస్తున్న మనిషి బొమ్మ వేయండి.

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. అందుకని నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయిని,
ఖమ్మం జిల్లా